చింతపండుతో తోమిన కంచు బిళ్ల

బర్మాలో, పజుండౌంగ్ అనే పేటలో మా నాన్నది ఇత్తడి సామాను బాగుచేసే కొట్టు. టంకం పెట్టిన ఏ వస్తువూ మెరవకుండా మా గడప దాటకూడదని ఆయన పట్టింపు. చింతపండు, బూడిద పెట్టి తోమడం నా పని. అలాగే ఆ కంచు బిళ్లనూ తోమేశాను.

అరచేయంత బిళ్ల. మేం ఊజీ అని పిలిచే బర్మా పెద్దాయన దాని విరిగిన కొక్కెం మాత్రమే అతికించమని నాన్నతో చెప్పి వెళ్లాడట, ఆ మాట నాకు చేరలేదు. నల్లగా ఉన్నప్పుడు ఎవరో ఆడమనిషి కూర్చున్నట్టు మాత్రమే తెలిసేది. తోమాక ఒక చేతిలో అద్దం, రెండో చేతికి చుట్టుకున్న పాము బయటపడ్డాయి. ఎక్కడో చూశాననిపించి, పేవ్‌మెంటు మీద కొన్న పాత బొమ్మల పుస్తకం తీశాను.

ఐదు వందల ఏళ్ల కిందట ఇటలీలో చదువుకున్నవాళ్లు ఇలాంటి బిళ్లలు చేత్తో పట్టుకుని, ఎలా బతకాలో ఆలోచించుకునేవారట. ఆ ఆడమనిషి వివేకానికి రూపం. పాము జాగ్రత్తకు గుర్తు. అద్దం తన తప్పు తాను చూసుకోవడానికి. సంబరంగా డైరీలో రాసుకుంటూ పేజీ తిప్పాను. ఆ నలుపు మురికి కాదట. కావాలని వేసిన పూత, ఏళ్ల తరబడి చేతులు తగిలి ముదిరినది. పులుపు తగిలితే పోతుంది, మళ్లీ రాదు.

గబగబా దీపం మసి, నూనె కలిపి బిళ్లంతా పూశాను. అచ్చం పాతదానిలాగే కనిపించింది. అద్దం వైపు మాత్రం చూడలేకపోయాను.

మర్నాడు వీధిలో సైకిల్ రిక్షా గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.

"ఏటే, పొద్దున్నుంచి దొంగలాగ గుమ్మంకాడ నిలబడ్డావు? ఊజీ పులేటి, మింగేత్తాడా?" అని నాన్న నవ్వాడు.

ఊజీ వచ్చాడు. బిళ్ల అందుకుని, ఆ బొమ్మ ముఖం మీద బొటనవేలు రాశాడు. చనిపోయిన తన భార్య రోజూ అలాగే రాసేదని చెప్పి, వేలు చూసుకున్నాడు. నల్లగా ఉంది.

"ఇదేమిటి?"

"మా కొట్లో మసి పూసే పని జరగదు ఊజీ. కొక్కెం తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు," అన్నాడు నాన్న, పూర్తి నమ్మకంతో.

నా గోళ్లలో మసి ఇంకా పోలేదు. చేతులు ముందుకు చాపాను.

"నేనే ఊజీ. ముందు తోమాను. తర్వాత మసి పూశాను."

ఆయన లుంగీ అంచుతో మసంతా తుడిచి, మెరుస్తున్న ఆ ముఖం మీద మళ్లీ వేలు పెట్టి చూశాడు. సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

నాన్న ఇంకా నా వైపు తిరగలేదు.