మలయాళం పంక్తుల్లో గుంతలు

చనిపోయిన నా భార్య రాతలో ఆమె పెట్టని ఖాళీలు పెట్టారు. పెట్టినవాళ్లు హైటెక్ సిటీలో అద్దాల మేడెక్కి కాఫీ తాగుతున్నారు.

ఆమె మలయాళీ. మూసాపేటలో ఒక దవాఖానలో నర్సుగా చేసింది. రిటైరయ్యాక తన పుట్టింటి వంటగది గురించి, వాళ్లమ్మ కోపతాపాల గురించి ఒక పుస్తకానికి సరిపడా మలయాళంలో రాసుకుంది. ఆమె పోయాక దాన్ని అచ్చువేయించి వాళ్లక్కకు పంపాలనుకున్నాను. టైపు నేనే చేశాను. ఆ భాషలో నాకు బడి చదువు లేదు. మలయాళం మా ఆవిడ పక్కన కూర్చుని, పేపరు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నది.

పుస్తకమన్నాక రెండు అంచులూ సమంగా ఉండాలి. ఆ మీట నొక్కాను. మలయాళంలో మాటలు ఒకదానికొకటి అంటుకుని బారుగా సాగుతాయి. పంక్తి చివర పట్టని మాటను ఈ సాఫ్ట్‌వేర్ విరవదు, మొత్తంగా కిందికి తోసేస్తుంది. మిగిలిన రెండు మాటల్నీ చెరో గోడకు నెట్టి, నడుమ ఎడ్లబండి పట్టేంత సందు వదులుతుంది. మా ఆవిడ దాచుకున్న పాత పుస్తకాల్లో పట్టని మాటను అక్షరం దగ్గర విరిచి, ఏ గీతా పెట్టకుండా కింద పంక్తిలో కొనసాగించేవారు. చదివేవాడి కన్ను దానంతటదే దిగుతుంది. మన పాత తెలుగు పుస్తకాల్లోనూ అంతే. ఇంగ్లీషుకు తప్ప ఇంకో భాషకు అలవాట్లుంటాయని ఈ సాఫ్ట్‌వేర్ చేసిన మేధావులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నమూనా పేజీలు అందగానే వాళ్లక్క ఫోన్ చేసింది.

"ఇదేంటి, మాటమాటకీ ఆగింది? రాసేటప్పుడు దానికి ఊపిరాడలేదా? నాకెందుకు చెప్పలేదు?"

"అది కంప్యూటర్ నిర్వాకం, అక్కా."

"నన్ను మభ్యపెట్టకు. అది అలా ఆయాసపడుతుంటే నేను చదవలేను. పుస్తకం ఆపెయ్."

మియాపూర్ నుంచి ఆటో కట్టించుకుని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు.

"ఏంది పెద్దాయనా, ఎవలు గావాలె?"

"మలయాళం మాటలు విరిచేవాళ్లు."

"ఈడ ఇరిచేటోళ్లు లేరే, అంత ఇంగ్లీషుల నములుడే. జర కూసో, అడుగుత."

చాలాసేపటికి మెడలో పట్టీ వేసుకుని ఒక మేనేజరు దిగాడు. కడప వైపు మాట. నా లాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. మాటలు విరిగాయి గానీ, పంక్తిపంక్తికీ చివర ఒక చీపురుపుల్ల మొలిచింది.

"ఈ గీత వద్దు నాయనా."

"గీత లేకుంటే వర్డ్ అయిపోలేదని ఎట్ల తెలుస్తాది సార్?"

"నీకు మలయాళం వచ్చా?"

"రాదు సార్. టెస్టింగ్‌లో ఒకాయనకు వస్తాండె, మానేసినాడు."

"మరి సరిచూసేదెవరు?"

"అక్షరాల బదులు డబ్బాలు రాకుంటే చాలు సార్, పాసే. మీరు లెఫ్ట్ అలైన్ పెట్టేసుకోండి."

ఎడమకు సర్దితే కుడి అంచు ఎలుకలు కొరికినట్టుంటుంది. దుప్పటి అంచు వంకర పోతే మళ్లీ పరిపించే మనిషి రాతకు అదా దక్కేది? అయినా చదవకుండానే పాస్ చేసే ఈ పరీక్ష మా వీధి బడిలో కూడా పెట్టలేదు. ఇక్కడ దానికి జీతాలిస్తారు.

రాతపూర్వకంగా పంపమన్నాడు. పంపాను. రచయిత్రి పోయిందని రాశాను, వాళ్లక్క ఏమడిగిందో రాశాను, పాత పుస్తకం పేజీ ఫోటో జతచేశాను. మర్యాద ఒకటి రెండు చోట్ల తప్పే ఉంటుంది, దానికి నాకేం విచారం లేదు. మళ్లీ మళ్లీ గుర్తుచేయగా చివరికి జవాబొచ్చింది:

"మా పరీక్షలో మలయాళం అక్షరాలు సక్రమంగానే కనిపిస్తున్నాయి. కాబట్టి మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేశాం. ఖాళీలు ఇంకా ఇబ్బందిగా ఉంటే, పొట్టి మాటలు వాడమని దయచేసి మీ శ్రీమతిగారిని కోరండి."