న్యూట్రల్‌లో దిగిన కనుమ

మొన్న పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రం మా ప్రొద్దుటూరు వీధిలో ఎదురింటివాళ్ళు కొడుక్కి కొత్త మోటారుసైకిలు కొన్నారు. బండికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారో లేదో, మీసమైనా మొలవని ఆ పిల్లవాడు ఇద్దరు స్నేహితుల్ని వెనక ఎక్కించుకుని మలుపు తిరిగి కనిపించకుండా పోయాడు. మిఠాయి ఇవ్వడానికి వచ్చిన వాళ్ళమ్మను, వాడికి ఎవరైనా నేర్పిస్తున్నారా అని అడిగాను. "నేర్చుకునేదేముందత్తా, సైకిలు తొక్కినోనికి అదే వస్తాది" అంది. మంచి మనిషే, కొడుకంటే ప్రాణం. కానీ ఆ మిఠాయి నాకు సహించలేదు. సైకిలుకు బదులు ట్రాక్టరు పేరు పెట్టి ఇదే మాట మా పెదనాన్న అనగా విన్నప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు.

అప్పట్లో మా కుటుంబమంతా జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉండేది. మా మేనమామ సైన్యంలో లారీలు నడిపి, మంచుకొండల దారులన్నీ తిరిగి, పింఛను పుచ్చుకుని జమ్మలమడుగులోనే స్థిరపడ్డాడు. ఆయనకు ఆడపిల్లలు లేరు. నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు, నాకు జీపు నేర్పుతానని తనంతట తనే అన్నాడు. ఆడపిల్లకెందుకని ఇంట్లో గొణిగినవాళ్ళున్నారు గానీ, పట్టుబట్టిన మామకు అడ్డం చెప్పడం మావాళ్ళలో ఎవరి తరమూ కాదు. తీరా వెళ్తే ఆయన స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. చాలా రోజులు పక్కనే కూర్చోబెట్టుకుని, ఎదురుగా ఏం కనబడుతోందో, అది ఇంకాసేపటికి ఏం చేస్తుందో చెప్పమనేవాడు. గొర్రె ఒకటి దాటితే వెనక మంద ఉంటుందని, ఆగిన బస్సు ముందునుంచి ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారని నాకు అలా అలవాటైంది. ఆ తర్వాత ఎండిన పెన్నలో ఇసుక గట్టిపడ్డ చోట క్లచ్చి, గేర్లు. ఆ తర్వాతే రోడ్డు.

పెదనాన్న కొడుకు నాకంటే ఏడాది చిన్న. వాణ్నీ రమ్మన్నాడు మామ. వచ్చాడు గానీ, ఊరికే కూర్చుని గొర్రెల్ని చూడటం తన వల్ల కాదని మర్నాటి నుంచి మానేశాడు. మామ వెళ్ళి అడిగితే పెదనాన్న తేల్చి చెప్పాడు. "వానికి నేర్పేదేముందప్పా, పన్నెండేండ్లకే ట్రాక్టరు తోలినోడు." పొలంలో ట్రాక్టరుకు ఎదురొచ్చేవాళ్ళెవరూ ఉండరని తనలో తను గొణుక్కుంటూ మామ జీపెక్కాడు.

ఆ ఎండాకాలమే మా అక్కకు, అంటే పెదనాన్న కూతురికి, పులివెందుల సంబంధం కుదిరింది. నిశ్చయ తాంబూలాల నాడు మామతో సహా మగవాళ్ళంతా తెల్లవారకముందే బస్సులో వెళ్ళిపోయారు. మమ్మల్ని మా ఇంటి జీపులో తీసుకురావలసిన డ్రైవరు జ్వరంతో లేవలేకపోయాడు. కొత్తగా చేతికొచ్చిన లైసెన్సు నా దగ్గరుంది. తమ్ముడికి లైసెన్సు తీసే వయసే లేదు. అయినా, ఆడపిల్ల జీపు తోలుకుంటూ దిగితే మగపెళ్ళివారు ఏమనుకుంటారోనని పెద్దమ్మ తాళంచెవి వాడి చేతిలోనే పెట్టింది. వెనక అవ్వ, పెద్దమ్మ, పట్టుచీరలో అక్క, పండ్ల బుట్టలు. ముందు వాడి పక్కన నేను.

ముద్దనూరు దాటేదాకా బాగానే ఉంది. కనుమ దారిలో కొండెక్కి, అవతలి వైపు దిగడం మొదలుపెట్టాక వాడు గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేశాడు. ఇంజను చప్పుడు తగ్గి, జీపు జారుడుబల్ల మీద జారినట్టు తేలికగా పోతోంది. వెనక పెద్దమ్మ, ఎంత మెత్తగా తోలుతున్నాడో చూడమని అవ్వతో మురిసిపోతోంది. నా చూపు మాత్రం గేరు కర్ర మీదే ఉంది. దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది గేరేనని, బ్రేకును నమ్ముకుంటే అది కాలిపోతుందని మామ ఎన్నిసార్లో చెప్పాడు. గేర్లో వెయ్యమని మెల్లగా అన్నాను. "నువ్వు గమ్మునుండక్కా, డీజిలు మిగుల్తాది" అన్నాడు. ప్రతి మలుపు దగ్గరా వాడు బ్రేకు తొక్కుతున్నాడు, వదులుతున్నాడు, మళ్ళీ తొక్కుతున్నాడు. కాసేపటికి రబ్బరు మాడుతున్న వాసన వచ్చింది. అడవిలో ఎవరో ఏదో తగలబెడుతున్నారనుకుంది పెద్దమ్మ.

తరువాతి మలుపు తిరిగేసరికి ఎదురుగా నాపరాళ్ళ లోడుతో ఒక లారీ నత్తలా దిగుతోంది. దానికి అవతల, కింది నుంచి బస్సొకటి ఎక్కి వస్తోంది. కుడివైపు లోయ, ఎడమవైపు కొండ. వాడు బ్రేకు తొక్కాడు. ఇంకా గట్టిగా, సీట్లోంచి పైకి లేచి మరీ తొక్కాడు. జీపు తగ్గలేదు. నా వైపు తిరిగిన వాడి ముఖం ఈనాటికీ నాకు కనబడుతుంది. పదిహేడేళ్ళ పిల్లవాడిది కాదది, తప్పిపోయిన పసివాడిది.

"పట్టడంల్యా అక్కా" అన్నాడు.

నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. భయంతో చెవులు మూసుకుపోయాయి. కానీ పెన్న ఇసుకలో మళ్ళీ మళ్ళీ చేయించిన పని, నా ప్రమేయం లేకుండానే చేతుల్లోకి వచ్చింది. గేరు కర్ర మీద చెయ్యి వేసి, క్లచ్చి తొక్కమన్నాను. వాడికి వినబడలేదు. తొడ మీద గట్టిగా చరిచి మళ్ళీ చెప్పాను. "క్లచ్చి తొక్కు. యాక్సిలేటరు ఒక్క తొక్కు తొక్కి ఇడ్సు." పళ్ళు కొరికినట్టు చప్పుడు చేసిందే గానీ గేరు పడలేదు. మళ్ళీ తొక్కించాను. ఈసారి పడింది. ఇంజను అరిచింది, అందరం ముందుకు తూలాం, వేగం కొంత తగ్గింది. లారీ వెనక కట్టిన రాళ్ళ అంచులు లెక్కపెట్టేంత దగ్గరికొచ్చేశాయి. హ్యాండు బ్రేకు ఒక్కసారిగా లాగితే బండి తిరగబడుతుందని తెలుసు కాబట్టి కొంచెం కొంచెంగా బిగిస్తూ, స్టీరింగును కొండవైపుకు లాగాను. బిగుసుకుపోయిన వాడి చేతుల మీదుగానే లాగాను. ఎడమ చక్రాలు పక్క కాలువలోకి దిగాయి. జీపు కొండరాళ్ళను రాసుకుంటూ కొంతదూరం పోయి, ఒరిగి, ఆగింది. ఆ పక్కనుంచి బస్సు హారన్ కొడుతూ వెళ్ళిపోయింది.

అక్క ఒడిలో పగిలిన టెంకాయ నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు అవ్వ, చాలా మామూలుగా, తన చెయ్యి కదలడం లేదని చెప్పింది.

లారీవాళ్ళు ఆపి, పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని బయటికి తీశారు. అవ్వను లారీ ముందు భాగంలో ఎక్కించుకుని పులివెందుల ఆసుపత్రికి చేర్చారు. మోచెయ్యి విరిగిందన్నారు. కబురందుకుని మామతో పాటు వచ్చిన పెదనాన్న వరండాలో నిలబడి, బ్రేకులు సరిచేసిన మెకానిక్కును తిడుతున్నాడు. వాడి పని పడతానంటున్నాడు. తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నాడు. మామ తమ్ముడి దగ్గరికి వెళ్ళి, పక్కన కూర్చున్నాడు.

"న్యూట్రల్‌లో దిగినావాప్పా?"

వాడు వాళ్ళ నాన్న వైపు చూశాడు. అబద్ధానికి దారి ఆయనే వేసి పెట్టాడు, నడిస్తే చాలు. "దిగినా మామా. అక్క చెప్పింది. నేనే ఇనలా" అన్నాడు. అని ఏడ్చాడు.

పెదనాన్న అరుపు ఆగిపోయింది. ఇంటిపేరు, పరువు, పెళ్ళివారి ముందు మాట, అన్నీ ఆయన ముఖంలో ఒకదాని వెంట ఒకటి కదలడం చూశాను. ఇక జీవితంలో వాడికి బండి ఇచ్చేది లేదన్నాడు చివరికి. లోపల మంచం మీదనుంచి అవ్వ పిలిచింది. "ఇయ్యకపోతే దొంగతనంగా తోల్తాడు. కొట్టొద్దు, తిట్టొద్దు. నేర్పిచ్చు" అని పెదనాన్నతో అని, మామ వైపు చూసింది. తల్లి మాట కాదనలేక పెదనాన్న సరేనన్నాడు.

తాంబూలాలు మరో మంచిరోజున మార్చుకున్నారు. తమ్ముడు మామ పక్కన కూర్చుని గొర్రెల్ని చూడటం మొదలుపెట్టాడు. వయసొచ్చి, పరీక్షలో నెగ్గి, లైసెన్సు తెచ్చుకున్నాకే స్టీరింగు పట్టి రోడ్డెక్కాడు. ఆ రోజు వాడి బండి ఎక్కమంటే ఇంట్లో అందరూ ఏదో ఒక పని చెప్పి తప్పుకున్నారు. పూర్తిగా చాపుకోలేని చెయ్యిని ఒడిలో పెట్టుకుని అవ్వ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. పులివెందులకు, అదే కనుమ మీదుగా, మనవరాలి అత్తగారింటికి పొమ్మంది. కనుమ పైనే గేరు తగ్గించి, ఎద్దులబండి వెనక ఓపిగ్గా దిగుతూ, వాడు అవ్వను క్షేమంగా చేర్చాడు. ఇన్నేళ్ళలో వాడి చేతి బండి వల్ల ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

మామ లేడు, అవ్వ లేదు. దారులు వెడల్పయ్యాయి, బండ్లు మెత్తగా, చప్పుడు లేకుండా, మా రోజుల్లో ఊహించనంత వేగంగా పోతున్నాయి. లైసెన్సు కావాలంటే ఎవరినో పట్టుకుంటే చాలట, ఫోటోకు వెళ్తే సరిపోతుందట. పిల్లలకు బండి కొనిచ్చే చేతులు ఎక్కువయ్యాయి, పక్కన కూర్చునే తీరిక ఎవరికీ లేదు. మా మనవడి కారులో వెళ్తే వెనక సీట్లో అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. నేనొక్కదాన్నే రోడ్డు చూస్తూ ఉంటాను. ఆగిన బస్సు కనబడగానే, అక్కడ బ్రేకు లేదని తెలిసి కూడా, నా కుడికాలు కింద పరిచిన చాపను గట్టిగా తొక్కుతుంది.