సుభద్ర అడిగిన మాట

ముసునూరు తోటల్లో ఇరవై ఏళ్లు మామిడికాయలు ఏరింది సుభద్ర. మోకాళ్లు మొరాయించాక నూజివీడులో డాక్టర్ షాలోమి పళ్ల ఆసుపత్రిలో పనికి కుదిరింది. పనిముట్లు కడిగి, ఆవిరి మిషనులో పెట్టి తీయడం ఆమె పని. మిషను టైము పూర్తయితేగాని ఒక్క పట్టకారు కూడా బయటికి రానిచ్చేది కాదు. "పక్కవాళ్ల నోట్లోంచి తీసింది మీ నోట్లో పెట్టమంటారా?" అనేసరికి తొందరపెట్టేవాళ్లు వెనక్కెళ్లి బెంచీ మీద కూర్చునేవాళ్లు.

పని ఎంతో, కబుర్లూ అంతే. వచ్చినవాళ్లు పొద్దున ఏం కూర వండుకున్నారో కూడా కనుక్కునేది.

మొన్న ఏప్రిల్లో మామిడికాయల వ్యాపారి భార్య అన్నపూర్ణ, కూతురు పూజితని తీసుకొచ్చింది. కాలేజీ పిల్ల. ఎత్తుపళ్లని నవ్వొచ్చినప్పుడల్లా చున్నీ అడ్డం పెట్టుకునేది. ఆ రోజు క్లిప్పులు వేయాలి. కుర్చీ ఎక్కబోతూ మంచినీళ్లు అడిగి, పర్సులోంచి మాత్ర తీసి మింగింది.

"ఏం మాత్రమ్మా అది?"

"రక్తం పలచబడ్డానికి, ఆంటీ. రోజూ ఇదే టైముకి వేసుకోవాలి."

"ఈ వయసులో నీకెందుకే?"

పూజిత తల్లివైపు చూసింది. "ఎప్పుడో చిన్నప్పటిదిలే. పళ్లకీ దానికీ ఏం సంబంధం?" అంది అన్నపూర్ణ.

సుభద్ర వాదించలేదు. తిన్నగా లోపలికెళ్లి డాక్టరు చెవిన వేసింది. షాలోమి ఉన్నపళంగా బయటికొచ్చింది.

"అన్నపూర్ణగారూ, ఆ మాత్ర గుండెకి వాడేదేగా? ఫారంలో గుండె జబ్బు లేదని రాశారే?"

అన్నపూర్ణ కళ్లలో నీళ్లు తిరిగాయి. "తొమ్మిదో ఏట గుండెలో వాల్వు మార్చారండీ. చెబితే క్లిప్పులు వేయనంటారేమోనని..."

"వేస్తానండీ. కాకపోతే దవడపళ్లకి రింగులు బిగించేటప్పుడు చిగురు చిట్లుతుంది. నోట్లో క్రిములు ఆ దారిన రక్తంలోకి పోయి వాల్వుని పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ముందు గుండె డాక్టరుగారితో మాట్లాడనివ్వండి."

పూజిత మొహం చిన్నబోయింది. సుభద్ర ఆమె పక్కన కూర్చుని, బ్రష్షు చిగుళ్ల వెంట ఎలా తిప్పాలో ప్లాస్టిక్ పళ్ల మీద చూపించింది. అంతటితో ఊరుకుందా? మూడు వారాలపాటు రోజూ సాయంత్రం ఫోనే. "తోముకున్నావా? రెండు నిమిషాలూ తోమావా?" ఆఖరికి పూజిత, "పరీక్షలకి కూడా మా నాన్న ఇంత వెంటపడలేదు ఆంటీ" అని మొత్తుకుంది.

గుండె డాక్టరు సరేనన్నారు. చెప్పిన ప్రకారం గంట ముందు క్రిములు సోకకుండా మందు వేయించి, షాలోమి పని మొదలుపెట్టింది. వీలైన పళ్లకి రింగులు మానేసి క్లిప్పులు అతికించింది. వారం గడిచినా జ్వరం లేదు, వాపు లేదు.

మళ్లీ వచ్చేటప్పుడు అన్నపూర్ణ చిన్నరసం మామిడిపళ్ల బుట్టతో దిగింది. "చెప్పకుండా దాచి ఎంత పని చేయబోయానమ్మా" అంటూ సుభద్ర చేతులు పట్టుకుంది.

పూజిత బుట్టవంకే చూస్తోంది. "నేను తినొచ్చా ఆంటీ?"

"టెంక చీకితే పీచంతా క్లిప్పుల్లో ఇరుక్కుంటుంది. గ్లాసులోకి రసం పిండి ఇస్తానుండు."

పూజిత పగలబడి నవ్వింది. చున్నీ భుజం మీదే ఉండిపోయింది.