స్క్రూడ్రైవరు చెవిన పెట్టుకుని

గుడివాడ షెడ్డులో మా మేస్త్రి గారు ఇంజను మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. బందరు నుంచి ఎండుచేపలు తోలే నా పాత పెట్రోలు లారీకి కార్బురేటరు వారానికోసారి మొరాయించేది. నేను వెళ్ళి ఆయన ముందు వాలేవాణ్ణి. చివరికి విసిగిపోయి ఆయనే కార్బురేటరు పీకేసి, ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు బిగించారు. నెల పట్టింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

"ఇక మీకు నాతో పనుండదండీ," అన్నారు చేతులు తుడుచుకుంటూ.

నిజంగానే లేకపోయింది. నాలుగో వారానికి నాకేమీ తోచక షెడ్డు ముందు లారీ ఆపి, "ఏదో చప్పుడొస్తోందండీ," అని అబద్ధమాడాను.

ఆయన స్క్రూడ్రైవరు చెవిన పెట్టుకుని చాలాసేపు విన్నారు.

"వస్తోందండీ," అన్నారు. "కూర్చోండి, టీ చెప్తాను. తాగాక చూద్దాం."

తాగాక ఏనాడూ చూడలేదు. ఆ చప్పుడు మాకు నాలుగేళ్ళు వినిపించింది.

ఇప్పుడు ఆయన లేరు. షెడ్డూ లేదు. ఆయన మార్చిన ఇంజను మాత్రం ఒక్క రోజూ మొరాయించలేదు. అయినా ఆ చోటికి రాగానే వేగం తగ్గించి, ఏదైనా చప్పుడు వస్తుందేమోనని వింటాను.