మూతలు తీసి చూసిన మనిషి

ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసే టైపిస్టును అందరూ కూపీ అని పిలిచేవారు, ప్రతిదానికీ కూపీ లాగుతుందని. ఆసుపత్రి కంప్యూటర్లను నడిపే లినక్స్ కూడా ఆమె అలాగే నేర్చుకుంది. ఆ కంప్యూటర్లు బాగుచేసే ముసలి మెకానిక్ ఒక్క మాటే చెప్పాడు: "వంటింట్లో మూతలు తీసి చూడమ్మా, గరిటె మాత్రం పెట్టకు. కలపాలనిపిస్తే నీ గిన్నెలోకి వంచుకుని కలుపుకో."

రెండేళ్ళు అలాగే చేసింది. ఖాళీ దొరికితే సిస్టమ్ ఫైళ్ళు చదివేది. మెషీన్ ఎప్పుడు లేచిందో, ఎవరు ఆపితే ఆగిందో రాసి ఉండే లాగ్ ఫైలంటే మరీ ఇష్టం. ప్రయోగాలన్నీ తన ఫోల్డర్లోని కాపీల మీదే.

ఒక సోమవారం పొద్దున సర్వర్ ఆగిపోయింది. రోగుల వరుస గేటు దాకా పాకింది. గదులు తుడిచే అక్క సర్వర్ గదిలో వైరు లాగేసిందని సూపరింటెండెంటు తేల్చేసి, విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నాడు. కుర్చీ చేసిన తప్పు చీపురు మోయడం ఏ ఆఫీసుకైనా రివాజే.

మర్నాడు కూపీ ఆ లాగ్ తెరిచింది. వైరు ఊడితే మెషీన్‌కు ఒక్క ముక్క రాసే తీరిక ఉండదు. ఇక్కడ మాత్రం ఒక్కో పనీ సర్దుకుని, పద్ధతిగా సెలవు తీసుకుంది. ఆపమన్నది సూపరింటెండెంటు ఖాతా. అలవాటు ప్రకారం ఆ లాగ్‌ను తన ఫోల్డర్లోకి కాపీ చేసుకుంది.

విచారణ నెల తర్వాత జరిగింది. పాత లాగులను సిస్టమ్ తనంతట తానే చెరిపేస్తుంది; అసలుది అప్పటికే పోయింది. కూపీ తన కాపీనే చూపించింది.

"ఈ ఫైలు ఎవరి పేరున ఉంది?" అన్నాడు విచారణాధికారి.

"నా పేరునే సార్. కాపీ చేస్తే అంతే."

"తేదీ కూడా నువ్వు కాపీ చేసుకున్న రోజుదే. నువ్వే రాసి పెట్టలేదని నమ్మకమేంటి?"

కాపీ చేసే ఆదేశానికి తగిలిస్తే పాత తేదీని అలాగే ఉంచే గుర్తు ఒకటుంది. ఆమెకు తెలుసు. ఆ రోజు తొందరలో పెట్టలేదు.

"అసలు ఈవిడకి ఆ ఫైళ్ళతో ఏం పని సార్?" అన్నాడు సూపరింటెండెంటు. ఆ ప్రశ్నే విచారణైపోయింది. సాయంత్రానికి అక్క పని పోయింది, కూపీ పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది.

గేటు దగ్గర అక్క టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నావల్లే అక్కా. ఒక్క గుర్తు మర్చిపోయాను."

"ఊరుకోవే. నేనా గదిలోకే పోలేదని మొదటిరోజే చెప్పా. దానికేం గుర్తు పెట్టాలో నాకూ తెలీలా."