కంచం దీపం కాదు

నేను దీపం చూపలేదు. చూపానని రాశారు. ఎర్ర సిరాతో రాశారు. సరిహద్దు పోస్టులో దీపం చూపడమంటే ఏమిటో ఇళ్లల్లో ఉన్నవాళ్లకు తెలియకపోవచ్చు. అవతలివాడికి సైగ చేయడం. తిన్న ఉప్పుకు ద్రోహం. నలభై ఏళ్లు దాటినా ఆ మాట నా రికార్డులోనే ఉండిపోయింది.

ఆ పోస్టుకు నవంబరు మొదట్లో చేరాను. రోడ్డు ఆగినచోటి నుంచి రెండు రోజుల నడక. పదమూడు వేల అడుగుల ఎత్తు. చేరిన మధ్యాహ్నం మైనస్ నాలుగు. రెండు బంకర్లు, పదకొండు మందిమి. పడమర లోయ, లోయకవతల గట్టు మీద మా వాళ్లదే ఇంకో పోస్టు. దాన్ని పై పోస్టు అనేవాళ్లం.

వీపు మీది మూట దించకముందే హవల్దారు ఆర్డరు చెప్పాడు. “సాయంత్రం నాలుగు నుంచి టార్చి లేదు, లాంతరు లేదు, బీడీ లేదు. వెలుగు కనిపిస్తే శత్రువు దాకా ఎందుకు, నేనే కాల్చేస్తా.”

వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చునేవాడిది మా వైపే, పద్మనాభం అనే ఊరు. రైతుబిడ్డ. నాది జాలరిపేట అనగానే లేచి నిలబడ్డాడు.

“సముద్రం ఒగ్గీసి ఈ మంచులో సేపలకొచ్చావేటి బావా?”

“నువ్వు వరి నాటడానికి రాలేదేటి? నానూ అలాగే.”

అప్పటినుంచి మేమిద్దరం బావలమే.

నా తప్పు దాచను. మా పేటలో చేపల జిడ్డు, నీచు పోవాలని కంచాన్ని బూడిద, తడి ఇసుక వేసి అద్దంలా తోముతారు. తోమాక ఎండకు ఎదురుగా నిలబెడతారు. మా అమ్మ చేతి అలవాటు నా చేతికొచ్చింది. పోస్టులో మిగతావాళ్లు కంచాలు మంచుతో తుడిచి బోర్లించేవారు. నేను మాత్రం రేషను అట్టపెట్టెల బూడిదతో తోమి, ఇసుక బస్తాలకు ఆనించి నిలబెట్టేవాణ్ని. పద్దెనిమిది రోజులు మబ్బే. ఏమీ కాలేదు. పంతొమ్మిదో రోజు మబ్బు విడిచింది. ఆ రోజు కాపలా దిగి మూడున్నరకు తిన్నాను. కంచం తోమి పడమర బస్తాల మీద పెట్టి, మంచు కరిగించడానికి లోపలికి వెళ్లాను.

నాలుగూ ముప్పై ఒకటికి సెట్టు పలికింది. “కింది పోస్టు, మీ దగ్గర తెల్ల దీపం. ఆగి ఆగి వెలుగుతోంది. ఆర్పండి. ఓవర్.”

పద్మనాభం బావ బయటికి పరిగెత్తుకొచ్చాడు. “ఎవుడ్రా అది! మనోళ్లెవులో దీపం ఊపతన్నారంట!”

వెతికాం. లాంతర్లు రెండూ చల్లగా ఉన్నాయి. టార్చీలు పెట్టెలో ఉన్నాయి. హవల్దారు అందరి జేబులూ తడిమాడు. కంచం పక్కనుంచే నాలుగుసార్లు తిరిగాం. వెనకనుంచి చూస్తే అది వట్టి రేకు. నాలుగూ యాభై రెండుకు మళ్లీ సెట్టు. “దీపం ఆరింది. ఓవర్.”

ఎవరూ ఏదీ ఆర్పలేదు. ఆ నిమిషంలోనే ఎండ గట్టు దాటింది.

కంచం తీద్దామని వెళ్లినప్పుడు నాకు అర్థమైంది. గాలికి అది ఊగుతోంది. ఊగినప్పుడల్లా సూర్యుణ్ని పట్టి పై పోస్టు కళ్లలోకి విసిరింది. నేనే వెళ్లి హవల్దారుకు చెప్పాను. ఎవరూ పట్టుకోలేదు నన్ను. నేనే చెప్పాను.

నాలుగు రోజులకు సుబేదారు విచారణకు వచ్చాడు.

“వెలుగు వెలుగే. సూర్యుడిదా, లాంతరుదా అని శత్రువు అడుగుతాడా?”

“శత్రువు అడగడు సాబ్. మీరు అడగాలి. రేపు నాలుగున్నరకు కంచం అక్కడే పెడతాను. పై పోస్టును అడగండి.”

“ఇది పోస్టా, స్కూలా?”

అంతే. దీపం చూపాడు అని రాశారు. ఏడు రోజుల శిక్ష. రావలసిన నాయక్ ఫీతీ, చొక్కా చేతి మీది ప్రమోషను పట్టీ, రాలేదు.

మార్చి చివర దిగాం. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. కొండంతా మంచు, కళ్లు పొడిచేసే తెలుపు. దాని సొంత వెలుగు రవ్వంతయినా లేదు. ఆ కొండ మీద ఎవరూ కేసు రాయలేదు. ఇవాళ కళ్లు మూసుకున్నా ఆ తెలుపే కనిపిస్తుంది.

నేను చదివింది ఐదో తరగతి. సర్వీసు ముగిశాక గాజువాకలో ఇల్లు తీసుకున్నాను. పాత కాగితాల కొట్లో ఓ సైన్సు పుస్తకం కొన్నాను. స్వయం ప్రకాశక వస్తువులు, అస్వయం ప్రకాశక వస్తువులు అని పాఠం. సూర్యుడు, దీపం తమంతట తాము వెలుగుతాయి. చంద్రుడు, అద్దం, కంచం ఇంకొకరి వెలుగును తిప్పి పంపుతాయి. మా డాబా మీంచి చూస్తే ఉక్కు ఫ్యాక్టరీలో కరిగిన ఇనుము పోసినప్పుడు ఆకాశం ఎర్రబడుతుంది. కాగినంతసేపు ఇనుముది సొంత వెలుగు. చల్లారితే అదీ కంచమే. పిల్లలు చదివే ఈ ముక్క అంత పెద్ద విచారణలో ఒక్కరికీ తట్టలేదు!

రికార్డు ఆఫీసుకు రాశాను. మళ్లీ రాశాను. “పరిశీలనలో ఉంది” అన్నారు, తర్వాత అదీ అనలేదు. కిందటేడు బావ ఊరు పద్మనాభం వెళ్లాను. బావకు మోకాళ్లు పోయాయి, నోరు పోలేదు. కోసిన మడిలో కంచం పట్టుకుని నిలబడమన్నాను.

“ఈ వయసులో కంచం పట్టుకుని నిలబడితే అడుక్కుతింతన్నాననుకుంటారు బావా!”

“అనుకోనీ. కొంచెం వంచు.”

గట్టు మీదనుంచి ఫోనులో తీశాను. ఎండ ఉండగా ఒకటి, కంచం నిప్పులా ఉంది. పొద్దు కుంకాక ఒకటి, బావ చేతిలో మసక రేకు. సెట్టులో ఆ రోజు తాను విన్న రెండు మాటలూ, వాటి టైములూ బావ రాసి సంతకం పెట్టాడు.

“ఇప్పుడేటి, ఫీతీ ఇత్తారా నీకు?”

“ఫీతీ ఎవడికి కావాలి? నాను సేసిన తప్పే నా పేరున రాయమంతన్నాను. సెయ్యనిది కొట్టీమంతన్నాను.”

ఫొటోలూ, బావ కాగితమూ జతచేసి అదే మాట రాశాను. శిక్ష తగ్గించమని అడగలేదు. పోయిన నెల జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు కింద ఇస్తున్నాను.

“మీ వినతి పరిశీలించబడినది. ‘నిషేధ వేళలో దీపం చూపాడు’ అను వాక్యము తొలగించి, ‘మెరుగుపెట్టిన కంచమును అజాగ్రత్తగా ఎండకు ఎదురుగా ఉంచాడు’ అని సవరించడమైనది. శిక్షలో మార్పు లేదు.”