వసుధ నాలుగు వందలు, నా అరవై

సర్వేకు బయల్దేరే పరిశోధక విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. తొంభైల చివర్లో వసుధా, నేనూ ఒకే ప్రొఫెసరు దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లం. ఇద్దరి అంశమూ భవన నిర్మాణ కూలీల ఆరోగ్యమే. ఆమెకు ప్రాజెక్టు ఉంది, జీపు ఉంది, శాంపిల్ నాలుగు వందలు. నాది అరవై. ఆ అంకె గుర్తొస్తే చిన్నతనంగా ఉండేది. ఎలాగైనా ఐదు వందల మందిని అడగాలని ఒకరోజు హైటెక్ సిటీ దారి పట్టాను.

పొద్దున ఏడింటి పాసింజరు ఎక్కి హఫీజ్‌పేట్‌లో దిగాను. అక్కడి నుంచి కొత్తగూడకు ఆటో, పదిహేను రూపాయలు. ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్నచోట అప్పుడు బండలు, కంకర, కూలీల రేకుల షెడ్లు. మొదటి షెడ్డులో మధ్యాహ్నంలోపు ఇరవై మందిని అడిగాను. అందరిదీ ఒకటే జవాబు, అదే నడుం నొప్పి. వాళ్లకు వంటచేసే యాదమ్మ నా ఫారాలు చూసి నవ్వింది.

"గీళ్లంత ఒక్క ఊరోళ్లు, ఒక్క మేస్త్రి కింద పనిచేస్తరు. నూరుమందిని అడిగినా గదే చెప్తరు. జర అవతలి షెడ్డుకు పోయి చూడు. ఆళ్లు రాళ్లు కొట్టేటోళ్లు, ఆళ్ల రోగాలు వేరే. ముందుగాల ఈడ ఉన్నోళ్లయితే గచ్చిబౌలి దిక్కు కొత్త బిల్డింగుకు పోయిన్రు," అని బిందె తీసుకుని నీళ్లకు వెళ్లింది.

అప్పుడే వసుధ జీపు వచ్చి ఆగింది. "మూడు నెలల కిందట ఇక్కడ నేనడిగిన వాళ్లు ఒక్కళ్లూ లేరే. మళ్లీ వాళ్లనే అడగాలి నేను. ఎక్కడికెళ్లారో తెలుసా?"

"తెలీదు," అన్నాను. జీపు మియాపూర్ వైపు వెళ్లిపోయింది.

అవతలి షెడ్డులో ఒకరు దగ్గు అన్నారు, ఒకరు కళ్ల మంట అన్నారు, ఒకరికి చేతిలో స్పర్శ లేదు. అంత మంచి సమాచారం దొరికినా సంతోషం కలగలేదు. ఐదింటికి బస్‌స్టాపులో నిలబడితే వసుధే జీపు ఆపి ఎక్కించుకుంది. తన సీసాలో మిగిలిన నీళ్లు నాకిచ్చింది. "సగం మంది దొరక్కపోతే నా థీసిస్ ఏమవుతుందో," అంది.

"గచ్చిబౌలిలో కొత్త బిల్డింగు దగ్గర ఉన్నారు. మధ్యాహ్నమే తెలుసు నాకు," అన్నాను.

హాస్టల్ దగ్గర నేను దిగేటప్పుడు, "రేపు ఏడింటికి రెడీగా ఉండు. ఆ బిల్డింగు నువ్వే వెతికి చూపించాలి," అంది.

ఎంతమందిని అడగాలన్నది వాళ్లలో ఎంత తేడా ఉంది, ఎంత కచ్చితత్వం కావాలి, మన చేతిలో ఎంత వ్యవధి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. నేనేమో పక్కమనిషి అంకెను బట్టి లెక్క వేసుకున్నాను. చివరికి మూడు రకాల పనివాళ్లలో ఇరవై మంది చొప్పున, ఆ అరవైతోనే పని పూర్తిచేశాను. జీపు మీద అసూయ మాత్రం పోలేదు. మీకొక్క సలహా: మళ్లీ కలవాల్సిన వాళ్లయితే కావలసినదానికన్నా కొంతమందిని ఎక్కువే తీసుకోండి, వాళ్ల సొంతూరు చిరునామా కూడా రాసుకోండి.